సేఫ్టీ షూనా, గంబూటా? మన పనులకు ఏది మేలు

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే దారిలో ఏ గ్రానైట్ షెడ్డులోకి తొంగి చూసినా కాళ్లకు మూడు రకాలు కనిపిస్తాయి. సగం మందికి రబ్బరు చెప్పులు. కొందరికి నల్ల సేఫ్టీ షూలు, అవి కూడా మడమ తొక్కేసి చెప్పుల్లా ఈడ్చుకుంటూ. పాలిష్ మిషన్ దగ్గర ఒకరిద్దరికి గంబూట్లు. ఇలాంటి షెడ్లలో స్టోరు చూసే పని నాది. బూట్లు కొనడం, పంచడం, అవి పాడైతే తిట్లు తినడం అన్నీ అందులో భాగమే.

మొదట్లో అందరికీ ఒకే రకం కొన్నాను. తోలు పైభాగం, ఇనుప టో (వేళ్ల మీద వచ్చే గట్టి కప్పు), నలభై జతలు. లోడింగ్ వాళ్లకు బాగానే నిలిచాయి. కటింగ్, పాలిష్ వాళ్లవి మూడు నెలలకే కుట్లు విడిపోయాయి. బ్లేడు మీద నీళ్లు పోస్తూనే ఉంటారు కదా, నేలంతా రాతిపొడి కలిసిన బురద. పగలు తడిసిన తోలు రాత్రికి ఆరదు, మళ్లీ పొద్దున్నే అందులోనే కాలు పెట్టాలి. "కాళ్లు ఊరేసిన ఉసిరికాయల్లా అవుతున్నాయన్నా" అని ఒక పాలిషర్ మళ్లీ చెప్పుల్లోకి దిగాడు. అతని మీద కోప్పడ్డాను. నిజానికి కోప్పడాల్సింది నా ఆర్డరు మీద.

కాబట్టి ఏ కంపెనీ మంచిది అనేది తర్వాతి మాట. కాలి మీద ఏం పడుతుంది, కింద నుంచి ఏం గుచ్చుకుంటుంది, ఎంత తడి ఉంటుంది? ఈ మూడూ ముందు తేల్చుకోవాలి.

మీద పడేదాని లెక్క చూద్దాం. సేఫ్టీ షూ టో 200 జౌళ్ల (జౌల్ అంటే శక్తి కొలత) దెబ్బ తట్టుకోవాలి. అంటే ఇరవై కిలోల బరువు సుమారు మీటరు ఎత్తు నుంచి పడినంత. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయిలో రెండడుగుల చదరపు పలక, 20 మిల్లీమీటర్ల మందం అయితే అటూ ఇటుగా ఇరవై కిలోలే. నడుము దగ్గర పట్టుకున్నది చేయి జారిందంటే సరిగ్గా ఆ లెక్కే. అందుకే పలకలు మోసేవాళ్లకు టో లేని బూటు ఇవ్వడమంటే చెప్పులు ఇచ్చినట్టే. అయితే ఆ టో కాపాడేది వేళ్లను మాత్రమే. పలక అంచు పాదం మధ్యలో తగిలితే మామూలు సేఫ్టీ షూ చేయగలిగింది తక్కువ. పాదం పైభాగానికి కూడా కవచం ఉన్న మోడళ్లు ఉన్నాయి, బరువు ఎక్కువ. క్వారీలో టన్నుల బ్లాకు దొర్లితే ఏ బూటూ కాపాడదు, అక్కడ దూరంగా నిలబడటమే రక్షణ.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూసి ఊరుకోకండి. దాని దగ్గరే ఐఎస్ 15298 అని ఉంటుంది, తర్వాత పార్ట్ నంబరు. పార్ట్ 2 అంటే 200 జౌళ్లు. పార్ట్ 3 అంటే 100. పార్ట్ 4కి టో కవచమే అక్కర్లేదు. మూడూ ఐఎస్ఐవే, బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. ధర తక్కువని తెచ్చిన బూటు పార్ట్ 4 అని తర్వాత తెలిసిన అనుభవం నాకుంది. ఎస్1పి, ఎస్3 లాంటి గుర్తులుంటే, ఎస్1పి అంటే మేకు గుచ్చుకోకుండా బూటు అడుగు అట్టలో రక్షణ ఉన్నట్టు. ఎస్3లో దానికి తోడు పైభాగం నీటిని కొంత ఆపుతుంది. కొంతే. రోజంతా నీళ్లలో నిలబడటానికి అది కాదు.

ఇనుప టో వంగి వేళ్లు తెగ్గోస్తుందని షెడ్లలో గట్టి నమ్మకం. అది వంగేంత బరువు పడితే, టో లేకపోయినా ఆ వేళ్లు మిగలవు. ఇనుముకు బదులు ఫైబరు, ప్లాస్టిక్ లాంటివాటితో చేసిన కాంపోజిట్ టో కూడా వస్తోంది. పరీక్ష అదే 200 జౌళ్లు. తేలిక, వేడెక్కేది తక్కువ, ముందుభాగం మాత్రం కాస్త ఉబ్బుగా కనిపిస్తుంది, ధర ఎక్కువ. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో క్వారీలో నిలబడేవాళ్లకు ఆ ధర తేడా భరించొచ్చని నా అభిప్రాయం. తీసి పక్కన పడేసిన బూటు ఎంత బలమైనదైతే ఏం లాభం?

పాలిష్, కటింగ్ దగ్గర మాత్రం నా ఓటు గంబూటుకే, అదీ ఇనుప టో ఉన్నదానికి. మామూలు పీవీసీ గంబూటు చవకే, కానీ ముందుభాగం మెత్తన, పలక పడితే అంతే. గంబూటుతో ఇబ్బంది చెమట. నూలు మేజోళ్లు రెండు జతలు దగ్గర ఉంచుకుని మధ్యాహ్నం మార్చుకోవడం, రాత్రి బూటు బోర్లించడం అలవాటు చేసుకోకపోతే వేళ్ల మధ్య పాచి పట్టి దురద మొదలవుతుంది. అడుగు గీతలు అరిగిపోతే మార్చేయాలి. పైన చిరుగు లేదుకదా అని అదే వాడితే రాతి బురదలో కాలు జారుతుంది.

ఇళ్ల పనుల దగ్గర లెక్క వేరు. కాంక్రీటు పోసే రోజు మేస్త్రీలకు, కూలీలకు గంబూటు తప్పనిసరి. తడి సిమెంటులో సున్నపు గుణం గట్టిగా ఉంటుంది, గంటల తరబడి తగిలితే చర్మం కాలుతుంది. కాళ్లకు కవర్లు కట్టుకుని దిగేవాళ్లను చూస్తూనే ఉంటాం. కాంక్రీటు గంబూటు లోపల పడితే అది మరీ ప్రమాదం, వెంటనే తీసి కడుక్కోవాలి. సెంట్రింగ్ విప్పే రోజు మాత్రం శత్రువు మేకు. అప్పుడు అట్టలో ఇనుప రేకు ఉన్న సేఫ్టీ షూ కావాలి. బట్టలాంటి కెవ్లార్ పొర వంగుతుంది, హాయిగా ఉంటుంది కానీ సన్నటి మేకుకు ఇనుప రేకే మేలు.

వెల్డర్లకు తోలు, చీలమండ దాటే ఎత్తు, నైట్రైల్ రబ్బరు అడుగు. పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) అడుగు తేలికే గానీ వేడి ఇనుము తగిలితే కరుగుతుంది. ప్యాంటు బూటులోకి దోపుకోకండి, నిప్పురవ్వలు తిన్నగా అందులోకే జారతాయి. ఎలక్ట్రీషియన్లు ఒకటి గమనించాలి. యాంటీస్టాటిక్ అని రాసి ఉంటే షాక్ కొట్టదని కాదు. రాపిడితో ఒంట్లో చేరిన కొద్దిపాటి కరెంటు, అంటే స్టాటిక్‌ను నేలలోకి పంపడానికి చేసినది అది, కరెంటు పనికి విద్యుత్ నిరోధక బూటు అని విడిగా అడగాలి. నెల్లూరు వైపు రొయ్యల గుంటల్లో ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే కరెంటు మిషన్లు) సరిచేసేవాళ్లకూ ఇదే మాట. మామూలు గంబూటును నమ్ముకుని నీళ్లలో దిగొద్దు, ముందు స్విచ్ ఆపాలి.

చవగ్గా వస్తున్నాయని ఎక్కువ కొని దాచకండి. స్టోరులో నాలుగైదేళ్లు ఉన్న పెట్టె తెరిస్తే బూట్లు కొత్తగా మెరుస్తున్నాయి, వేసుకుని నాలుగడుగులు వేస్తే మడమ పొడిపొడిగా రాలిపోయింది. పీయూ అడుగుకు గాలిలోని తేమే శత్రువు, మన కోస్తాలో తేమకు కొదవ లేదు. పెట్టె మీద తయారైన నెల చూసి తీసుకోండి.

సైజు సాయంత్రం చూడండి, పని చేసి కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మేజోళ్లతో. ఇనుప టో సాగదు. కొత్తలో వేలికి తగిలితే నెల తర్వాత కూడా తగులుతుంది. ఆ మడమ తొక్కి ఈడ్చుకునే బూట్లు చాలావరకు ఒక సైజు చిన్నవే.