కుక్కపిల్లా? పిల్లికూనా? కోడిపెట్టా? రెండేళ్ళ పిల్లలున్న ఇంటికి ఏది మేలు?

రాయగడలో ఉన్న మా పిన్ని కూతురు అడిగింది, పాతపట్నం వదిన అడిగింది, మా వీధిలో కొత్తగా అద్దెకి దిగినావిడ కూడా మొన్న అదే అడిగింది. "మావాడికి జంతువులంటే పిచ్చి. ఇంట్లో ఏదో ఒకటి పెంచుదామనుకుంటున్నాం. కుక్కపిల్లయితే మంచిదా, పిల్లయితేనా?" మా గుంటడికి రెండేళ్ళు దాటిన దగ్గర్నుంచి మా ఇంట్లోనూ ఇదే చర్చ. చివరికి మేం ఆ రెండూ కాదని నాటుకోడి పెట్టల్ని తెచ్చుకున్నాం. ఈ మాట చెబితే చాలామంది నవ్వుతున్నారు కాబట్టి కారణం కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎవరైనా ముందు లెక్కేసేవి ఖర్చు, వాసన, బొచ్చు, ఊరెళ్తే ఎవరు చూస్తారనేది. అవన్నీ చూడాల్సినవే. కానీ పిల్లవాడికి మూడేళ్ళు నిండకముందు నేను చూసేది ఒకటే: వాడు మీద పడ్డప్పుడు ఆ జంతువు తప్పించుకుని పోగలదా?

ఈ వయసు పిల్లలకి సున్నితంగా పట్టుకోవడం చేతకాదు. ముద్దొస్తే పిసుకుతారు. తోక కనబడితే లాగుతారు. పడుకున్నదాని మీద కూర్చుంటారు. అందులో చెడ్డబుద్ధి ఏమీ లేదు, చెయ్యి ఇంకా వాళ్ళ మాట వినదంతే. అప్పుడు జంతువు చేయగలిగేవి మూడే: పారిపోవడం, ఓర్చుకోవడం, కరవడం. పారిపోయే దారి మూసేస్తే మిగిలేవి రెండు, ఓర్పుకి ఒక హద్దుంటుంది. చిన్నపిల్లల్ని కరిచేది ముక్కూమొహం తెలియని కుక్కలే కాదు. సొంత ఇంటివీ, పక్కింటివీ కూడా. అదీ ఎక్కువగా అవి తింటున్నప్పుడో, నిద్రలో ఉన్నప్పుడో మీదకి వెళ్తేనే.

కుక్కపిల్ల సంగతి ముందు చూద్దాం, అందరి మనసూ దాని మీదే కాబట్టి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. చలికాలం వచ్చిందంటే ప్రతి సందులోనూ ఒక తల్లి, దాని వెనక అరడజను కూనలు. నాటు కుక్కకి మన వాతావరణం పడుతుంది, మన అన్నం పడుతుంది. ఇంటికి కాపలా. అన్నిటికీ మించి, పిల్లవాడి ప్రేమకి బదులు ప్రేమ ఇచ్చేది అదొక్కటే. ఈ విషయంలో కోడి దాని కాలిగోటికి కూడా సరిపోదు, ఒప్పుకుంటాను.

ఇబ్బంది ఎక్కడంటే, కూన ముద్దుగా కనబడుతుందని చాలామంది కళ్ళు తెరిచిన నాలుగు వారాలకే తెచ్చేస్తారు. కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. తోటి కూనలతో కొట్లాడుతూనే అది ఎంత గట్టిగా కొరికితే అవతలిదానికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. ఆ చదువు లేకుండా వచ్చిన కూనకి మన పిల్లవాడి పిక్క కూడా ఆటవస్తువే. పైగా పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి, అవి ఊడి గట్టిపళ్ళు వచ్చేసరికి దానికి ఆరు నెలలు నిండుతాయి. పిల్లవాడు భయపడి పరిగెడతాడు, అది ఆటనుకుని వెంటపడుతుంది. రెండు రోజులు చూసి ఇంట్లో పెద్దవాళ్ళు "కట్టేయండర్రా" అంటారు. అరుగు మీద స్తంభానికి గొలుసు పడుతుంది. నేను భయపడేది ఆ గొలుసుకే. కట్టేసిన కుక్కకి పారిపోయే దారి లేదు, మన గుంటడేమో నేరుగా దాని దగ్గరికే వెళ్తాడు.

"కూనకి రేబిస్ ఏముంటుందిలే" అనే మాట కూడా వింటుంటాను. ఉండొచ్చు. దానికి ఆ టీకా మూడు నెలలు నిండాకే వేస్తారు, అప్పటిదాకా వీధిలో పుట్టిన కూనకి ఏ రక్షణా లేనట్టే. పెంపుడుదైనా సరే, పన్ను దిగినా, గోరు గీరి రక్తం వచ్చినా వెంటనే పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు. అటునుంచి అటే ఆసుపత్రికి. చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో ఉంటుంది. కండకి వేస్తే 14వ రోజు కూడా. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలోకి వేసే సీరం కూడా కావాలి. రెండేళ్ళవాడితో ఆ తిరుగుడు ఎంత టెన్షనో ఊహించుకోండి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు ఉండదు కాబట్టి ఇందులో "చూద్దాంలే" అనే మాటే లేదు.

పిల్లి నా లెక్క ప్రకారం చాలా నయం. దానికి దారి ఎప్పుడూ ఉంటుంది: అటక, కిటికీ, పెంకుల మీద వెన్ను. విసుగొస్తే లేచి వెళ్ళిపోతుంది, మనం కట్టేయం కూడా. ఎలకల బెడద తగ్గుతుంది. కానీ ఎంత బాగా తప్పించుకుంటుందంటే, అల్లరి పిల్లాడున్న ఇంట్లో అది పగలంతా కనబడదు. వాడు "మ్యావ్ ఏదీ, మ్యావ్ ఏదీ" అని ఏడుస్తాడు, అదేమో పక్కింటి డాబా మీద పడుకుని ఉంటుంది. పట్టుబడిన రోజున గోళ్ళు దించుతుంది, దానికీ రేబిస్ నియమాలన్నీ అవే. ఇంకో మాట: రెండో బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళు పిల్లి మలం శుభ్రం చేసే పని ఇంట్లో వేరేవాళ్ళకి అప్పజెప్పాలి, గర్భిణులకి దాని వల్ల ఇన్ఫెక్షన్ వచ్చే వీలుంది. రెండేళ్ళ పిల్లల ఇళ్ళలో చాలావాటికి ఈ మాట వర్తిస్తుంది కాబట్టే చెబుతున్నాను. నాలుగేళ్ళు దాటిన, కాస్త నెమ్మదస్తురాలైన ఆడపిల్ల ఉన్న ఇంటికైతే పిల్లికే నా ఓటు.

ఇక కోడి. ఈ ఆలోచన నాది కాదు, మా అత్తయ్యది. ఆవిడ పుట్టిల్లు గుణుపురం దగ్గర పల్లె, కోళ్ళ మధ్యే పెరిగారు. మా పర్లాకిమిడి ఇల్లు పాతకాలపుది, వెనక పొడుగాటి పెరడు, చుట్టూ నడుమెత్తు గోడ. "పుంజొద్దు, పెట్టలే తెండి" అన్నారు. పుంజు కాలి వెనక ముల్లు ఉంటుంది, కోపమొస్తే మీదకి ఎగిరి తంతుంది, రెండేళ్ళవాడి కళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, పిల్లలు కావంతే. హైదరాబాద్ కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరటి పెంపకానికి పేరుపడ్డవే, నాటుకోడి కంటే గుడ్లు బాగా ఎక్కువ పెడతాయి. అయినా మేం నాటువే తెచ్చుకున్నాం, ఎందుకంటే వనరాజా బరువుగా ఉంటుంది, అంత చురుగ్గా ఎగరలేదు. నాటుపెట్ట ఒక్క ఊపులో గోడెక్కుతుంది. మళ్ళీ నా పాత ప్రశ్నే.

మొదట్లో మావాడు వాటిని తరమడమే పనిగా పెట్టుకున్నాడు. వాడు పరిగెత్తాడంటే అవి గోడ మీద. వాడు కిందనుంచి చూస్తూ నిలబడేవాడు, ఏడ్చేవాడు, మళ్ళీ తరిమేవాడు. మా అత్తయ్య ఒక సాయంత్రం వాణ్ణి పెరటి మెట్టు మీద కూర్చోబెట్టి గుప్పెట్లో నూకలు పోసి "కదిలావంటే రావు నాన్నా" అన్నారు. కదిలాడు, రాలేదు. ఇంకోసారి కదిలాడు, రాలేదు. కొన్నాళ్ళకి కూర్చోవడం వచ్చేసింది. అన్నం దగ్గర, స్నానం దగ్గర ఎన్నిసార్లు చెప్పినా ఒక్కచోట ఆగనివాడు కోళ్ళ కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. కుక్కపిల్ల అయితే వాడు ఎలా ఉన్నా మీదకొస్తుంది, వాడు మారాల్సిన పనే లేదు. కోడి అలా కాదు, దాని షరతు మీదే వస్తుంది. నాకు ఇదే నచ్చింది.

ఇబ్బందులు లేవని కాదు. పైకి ఆరోగ్యంగా కనబడే కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండొచ్చు, ఐదేళ్ళలోపు పిల్లలకి అది విరేచనాలు, జ్వరం తెచ్చిపెడుతుంది. అందుకే మా ఇంట్లో కోడి వంటింటి గడప దాటదు, గుంటడు పెరట్లోంచి రాగానే సబ్బుతో చేతులు కడగాలి, కోడిని మొహానికి ఆనించుకోవడం నిషేధం. పొదుగుకి కూర్చున్న పెట్ట దగ్గరికి వాణ్ణి పోనివ్వం. అంత నెమ్మదైన పెట్ట కూడా అప్పుడు పులే. కొక్కెర తెగులు వచ్చిందంటే ఊళ్ళో కోళ్ళన్నీ పోతాయి, పశువుల ఆసుపత్రిలో అడిగి టీకా వేయించాలి. మిగిలిన నూకలకి ఎలకలు, ఎలకల కోసం పాములు వస్తాయి. తినేంతే వేయాలి, గూడు నేలకి ఎత్తులో కట్టాలి, సందెవేళకే తలుపు బిగించాలి. లేకపోతే ముంగిసకి పండగే.

అందరూ మొహమాటపడుతూ అడిగేది ఇంకోటి: "మరి కూర చేసేస్తారా?" మా ఇంట్లో పెరటి పెట్టల్ని కొయ్యకూడదని ముందే అనుకున్నాం. కూరకి దుకాణం ఉంది. కార్తీకంలో అదీ లేదనుకోండి. మా ఒడియా ఇరుగుపొరుగు చాలామంది నెలంతా నీసు ముట్టరు, చివరి ఐదు రోజులు పంచుకలో కొంగ కూడా చేప తినదంటారు. రెండేళ్ళవాడికి కంచంలో ముక్కకీ గోడ మీది పెట్టకీ సంబంధం తెలియదు. నాలుగేళ్ళొచ్చాక కచ్చితంగా అడుగుతాడు. అప్పుడు నాన్న ఒకటి, నానమ్మ ఒకటి చెప్పకుండా జవాబు ముందే అనుకుని ఉంచుకోవాలి. కోసేవాళ్ళింట్లో కోసుకోవచ్చు, కానీ పేరు పెట్టి పిలిచినదాన్ని మాత్రం వద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మేకపిల్ల ముచ్చటే, గంజాం మేకకి దేశంలోనే జాతిగా గుర్తింపు ఉంది. కానీ ఊళ్ళో దానికి మేత ఎక్కడ? సాయంత్రం మంద వీధిలోంచి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూపిస్తే చాలు. చేపల తొట్టి శుభ్రమే, గాజుది కాబట్టి పిల్లవాడు లాగలేని చోట పెట్టాలి, అప్పుడు వాడికి సరిగ్గా కనబడదు. సంతల్లో అమ్మే రంగు కోడిపిల్లలు దయచేసి కొనకండి. గుడ్ల కోళ్ళ హేచరీల్లో పనికిరావని తీసేసిన మగపిల్లలే ఎక్కువగా అలా రంగేసుకుని వస్తాయి. మొదటి వారంలో వాటికి దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, అట్టపెట్టెలో అది దొరకదు. ఏడుస్తున్న పిల్లవాడికి ఏం చెబుతారు? రామచిలుక, నక్షత్ర తాబేలు మాటే వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెంచడం నేరం.

జూ చాలదా అంటారు కొందరు. విశాఖ జూ, భువనేశ్వర్ నందన్‌కానన్ రెండూ బాగుంటాయి, సోమవారం సెలవు. కానీ అంత దూరం ప్రయాణం చేసిన రెండేళ్ళవాడు పులి దగ్గరికి వచ్చేసరికి భుజం మీద నిద్రపోతాడు. మన పక్కనే టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. చలికాలంలో పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టి గోల చేస్తుంటాయి. ఈ వయసుకి అదే నయం.

మేడ మీద అద్దెకుండేవాళ్ళకి కోళ్ళు కుదరవు, తెలుసు. వాళ్ళకి నా సలహా, ఏదీ తెచ్చుకోకుండా పెరడున్న బంధువుల ఇంటికి రోజూ ఓ గంట తీసుకెళ్ళమని. మా వీధిలోకి కొత్తగా వచ్చినావిడ ఇప్పుడు వాళ్ళ పాపతో మా పెరటికే వస్తోంది. పాతపట్నం వదినకి మాత్రం కుక్కే కావాలట. అలాంటివాళ్ళు పిల్లవాడికి ఐదేళ్ళు వచ్చేదాకా ఆగితే మంచిది. "అది తింటోంది, దగ్గరికెళ్ళకు" అంటే ఆగే వయసు రావాలి. అప్పుడు కూడా తల్లిని ఒకసారి చూసి, మనుషుల్ని చూసి పళ్ళు బయటపెట్టని తల్లి కూననే, ఎనిమిది వారాలు నిండాకే తెచ్చుకోండి. గొలుసు కొనేముందు పిల్లవాడి చెయ్యి అందని ఒక మూల దానికంటూ చూసిపెట్టండి.