ధాన్యానికి రెండు దారులు: ఒడెసా ఒప్పందమా, మన బియ్యం పర్మిషన్లా?

2022 జులై 22న ఐక్యరాజ్యసమితి, టర్కీ చొరవతో నల్లసముద్రం ధాన్యం ఒప్పందం కుదిరింది. రష్యాతో యుద్ధం నడుస్తుండగానే ఉక్రెయిన్‌లోని ఒడెసా ప్రాంతంలో మూడు రేవుల నుంచి ధాన్యం ఓడలు కదిలాయి. బ్రేవ్ కమాండర్ అనే ఓడ 23,000 టన్నుల గోధుమలతో బయల్దేరింది. ఆ సరుకు జిబూటీలో దిగి ఇథియోపియాకు వెళ్లాలి. ఇస్తాంబుల్ దగ్గర తనిఖీ బృందాలు ఓడలెక్కి చూసేవి. ఆ తనిఖీ కోసం ఓడల క్యూ ఓ పెద్ద తలనొప్పి. అయినా ఏడాదిలో దాదాపు 3.3 కోట్ల టన్నులు బయటికొచ్చాయి. అందులో చాలా భాగం చైనా, స్పెయిన్‌లకే వెళ్లిందన్న విమర్శలో నిజముంది. 2023 జులై 17న రష్యా ఒప్పందం నుంచి తప్పుకుంది. అంతే, ఆగిపోయింది.

మూడు రోజులకు మన దేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాలు కార్లలో నింపుకున్నారు. (ఒక్కొక్కరికి ఎన్ని బస్తాలు కావాలో మరి!) అడిగిన దేశాలకు మాత్రం విడిగా అనుమతిచ్చారు: మారిషస్‌కు 14,000 టన్నులు, సింగపూర్‌కు 50,000.

2024లో నిషేధం ఎత్తేసేదాకా నడిచిన ఈ రెండో పద్ధతిలో ఫలానా దేశానికి ఇంత అని ముందే తెలిసేది. కానీ ఢిల్లీ తలుపు తట్టగలిగినవాళ్లకే బియ్యం దొరికేది. నా ఓటు మొదటిదానికే. అక్కడ ధాన్యం మార్కెట్లోకి రావడంతో, ఓడ ముఖం చూడని దేశాలకూ ధర కాస్త తగ్గింది.