బెల్లీ డ్యాన్స్ స్కర్ట్ కోసం ఆన్‌లైన్‌లో షిఫాన్ కొనేవారికి హెచ్చరిక: పన్నా (బట్ట వెడల్పు) కొలవకుండా కత్తెర పెట్టకండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ప్రదర్శనల కోసం సొంతంగా స్కర్ట్ కుట్టుకునేవారు నష్టపోకూడదని ఈ వివరాలు రాస్తున్నాను. షిఫాన్ మన మగ్గాల సరుకు కాదు. అది ఎక్కువగా సూరత్ వైపు నుంచి వస్తుంది. ఇక్కడి దుకాణాల్లో వేదికకు నప్పే రంగులు తక్కువగా దొరుకుతాయి కనుక చాలామంది ఫోన్‌లో ఫొటోలు చూసి ఆర్డరు పెడుతున్నారు. బెల్లీ డ్యాన్స్ ప్రదర్శనలు ఇచ్చే మా చెల్లెలి కోసం నేనూ అలాగే తెప్పించాను. '44 ఇంచుల పన్నా, ప్యూర్ సిల్క్ షిఫాన్, ఒకే తానులోని బట్ట' అని విక్రేత రాతపూర్వకంగా చెప్పి, మొత్తం డబ్బు ముందే తీసుకున్నాడు. ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాలేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం పన్నా వల్ల జరిగింది. బట్ట నిడివినే పొడవుగా పెట్టి కుట్టే మామూలు లంగాలో పన్నా రెండు ఇంచులు తగ్గితే కుచ్చులు కాస్త తగ్గుతాయి, అంతే. పూర్తి అంబ్రెల్లా స్కర్ట్‌లో మాత్రం పన్నాయే పొడవు అవుతుంది, ఎందుకంటే బట్టను రెండు అర్ధవృత్తాలుగా కత్తిరించినప్పుడు ఆ వృత్తపు వ్యాసార్ధం పన్నాకు అడ్డంగా పడుతుంది. ఈ స్కర్ట్ నడుము మీద కాకుండా తుంటి మీద నిలుస్తుంది. కైరో వేదికల మీద స్థిరపడిన రెండు భాగాల దుస్తుల నుంచి వచ్చిన పద్ధతి ఇది, తుంటి కదలిక ప్రేక్షకులకు స్పష్టంగా కనిపించాలన్నది దాని ఉద్దేశం. అందువల్ల తుంటి చుట్టుకొలత 36 ఇంచులైతే, తొడుక్కునే వదులుతో 38 ఇంచులు పెట్టుకుని దాన్ని 6.28తో భాగిస్తే లోపలి వృత్తానికి సుమారు 6 ఇంచుల వ్యాసార్ధం వస్తుంది. దానికి 36 ఇంచుల పొడవు, ఎలాస్టిక్ పట్టీకీ కింది మడతకూ కలిపి ఒకటిన్నర ఇంచులు చేరిస్తే 43.5 ఇంచులు అవుతుంది. అంచులు పోగా వాడుకోదగిన పన్నా 44 ఇంచులు ఉంటే ఇది సరిపోతుంది. రెండు అర్ధవృత్తాలకు 174 ఇంచుల బట్ట కావాలి, అంటే నాలుగున్నర మీటర్లు తెప్పించుకోవాలి.

మాకు వచ్చిన బట్ట అంచు నుంచి అంచుకు 41.5 ఇంచులే ఉంది. రెండు పక్కలా పిన్నుల రంధ్రాలు పడిన భాగం వదిలేస్తే పనికొచ్చేది 40.5 ఇంచులు, అంటే స్కర్ట్ 33 ఇంచుల దగ్గర ఆగిపోతుంది. చీలమండలకు బాగా పైన ఆగే షిఫాన్ స్కర్ట్ తిరిగేటప్పుడు అందాన్ని ఇవ్వదు, వేసుకున్నవారికీ ఇబ్బందిగా ఉంటుంది. బట్టను నిలువుగా కలీలుగా (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కలుగా) కోసి కలిపితే పొడవు వస్తుంది కదా అని కొందరు అడగవచ్చు. పొడవు వచ్చే మాట నిజమే. కానీ పలుచని షిఫాన్‌లో ప్రతి కుట్టూ బయటికి కనిపిస్తుంది, కుట్టు పడిన చోట బట్ట బిగుసుకుని జాలువారే గుణం పోతుంది, పైగా బట్ట కూడా ఎక్కువ పడుతుంది. అందుకే ఆ సలహా నేనివ్వను.

ఇక బట్ట రెండు ముక్కలుగా వచ్చింది. రెండు అర్ధవృత్తాలకు రెండు ముక్కలు కావడం దానంతట అది తప్పు కాదు, అయితే అవి ఒకే తానువి కావు. ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపించిన రంగు, ఎండలో పరిచి చూస్తే ఒక ముక్కలో ఎరుపు వైపు తిరిగింది. వేదిక మీద లైట్లు పడినప్పుడు స్కర్ట్ సగం ఒక రంగు, సగం మరో రంగు అయితే ఇంత శ్రమపడి కుట్టిన దానికి అర్థం ఉండదు.

సిల్క్ అన్న మాటను పరీక్షించడానికి అంచు నుంచి కొన్ని పోగులు లాగి, పళ్ళెంలో పెట్టి వెలిగించాను. అసలు పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. ఇవి కరిగి గట్టి నల్లపూసలా ముడుచుకున్నాయి కనుక అది పాలిస్టర్. పాలిస్టర్ షిఫాన్ చెడ్డదని నేననను. అది ముడతలు పడదు, ధర తక్కువ, అభ్యాసానికి కుట్టుకునే స్కర్ట్‌కు బాగానే ఉంటుంది. కానీ పట్టు ధర తీసుకుని దాన్ని పంపడం మోసం.

ఫొటోలతో సహా అడిగినప్పుడు విక్రేత మొదట రెండు మూడు ఇంచుల తేడా మామూలే అన్నాడు, తర్వాత తానులోంచి కోసి పంపిన బట్ట వెనక్కి తీసుకోనన్నాడు, చివరికి నా నంబరును బ్లాక్ చేశాడు. బిల్లు అడిగితే ఇవ్వలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, అలాంటి గడువు ఏదీ లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం కూడా అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. విక్రేత ఏ రాష్ట్రంలో ఉన్నా మనం నివసించే జిల్లాలోనే కేసు వేయడానికి ఆ చట్టం అవకాశం ఇస్తోంది, అందుకు రెండేళ్ళ గడువు ఉంది.

కనుక డబ్బు పంపే ముందు, 'అంచులు పోగా వాడుకోదగిన పన్నా ఎంత?' అని అడిగి, జవాబును రాతలోనే తీసుకోండి. టేపు పరిచి చూపించే ఫొటో కూడా అడగండి, నిజాయితీ గల వ్యాపారికి అది నిమిషం పని. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఉతకక ముందే మూడు నాలుగు చోట్ల పన్నా కొలిచి, రెండు ముక్కలనూ పగటి వెలుగులో పక్కపక్కన పరిచి చూడండి. తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్దితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. ఒక్కసారి కత్తెర పడితే ఆ బట్టను వెనక్కి తీసుకోమని వాదించడం చాలా కష్టమవుతుంది. ఇప్పటికే ఇలాంటి బట్ట మీ చేతికి వచ్చి ఉంటే దాన్ని అలాగే మడిచి ఉంచి, చెల్లింపు వివరాలనూ సందేశాలనూ భద్రపరచి, 30 రోజులు దాటకముందే వెనక్కి తీసుకోమని రాతపూర్వకంగా అడగండి.