వేపనూనె, వంటనూనె, సుగంధ తైలాలు: నిల్వ నీళ్ళలో దోమ లార్వాల్ని చంపడానికి ఏది మేలు?

ముందే చెప్పేస్తా, పారబోసే వీలున్న నీళ్ళకి ఏ నూనే అక్కర్లేదు. పారబోసి లోపలి అంచుల్ని గరుకు బ్రష్‌తో రుద్దేయండి చాలు, ఎందుకంటే ఏడిస్ దోమ గుడ్లు నీటి గీత దగ్గర గోడకి అంటుకుని నెలల తరబడి ఎండిపోయి ఉన్నా మళ్ళీ తడి తగిలితే పొదుగుతాయి. ఈ గోలంతా పారబోయలేని నీళ్ళలోని లార్వాల గురించే, అంటే గుడ్డులోంచి వచ్చి నీళ్ళలో తిరిగే దోమ పిల్ల పురుగుల గురించే.

మొక్కల నూనె అనగానే అందరూ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. వంటనూనె నీటి మీద తేలుతూ పనిచేస్తుంది, వేపనూనె, సుగంధ తైలాలు నీళ్ళలో కలిస్తేనే పనిచేస్తాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఎక్కడ ఏది వెయ్యాలో సగం తేలిపోతుంది.

వంటనూనెలో విషం ఏమీ లేదు. క్యూలెక్స్, ఏడిస్ రకం దోమల లార్వాలు తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరున్న గొట్టాన్ని నీటి పైకి ఆనించి గాలి పీలుస్తాయి, అనాఫిలిస్ రకం లార్వాకి ఆ గొట్టం లేదు కాబట్టి నీటి పైపొరకి ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది, ఏదైతేనేం గాలి కోసం పైకి రాక తప్పదు. నూనె పొర ఉంటే ఆ గొట్టం చివర నీటి పైన నిలవదు, పైగా నూనె లోపలికి కూడా పోతుంది. గాజు గ్లాసులో వేసి చూడండి, పైకి వస్తాయి, తోక ఆనిస్తాయి, మెలికలు తిరుగుతూ కిందకి పోతాయి, మళ్ళీ వస్తాయి, కొన్నైతే వంగి తమ తోక చివరనే నోటితో కొరుక్కుంటాయి. పనామా కాలువ తవ్వేటప్పుడు దోమల కోసం నీటి గుంటల్లో పెట్రోలియం నూనెలు చల్లింది కూడా ఈ లెక్కతోనే, కాకపోతే అది నీళ్ళకీ మట్టికీ చేటు.

దీంట్లో నాకు నచ్చింది ఏంటంటే లోతుతో పని లేదు. చదరపు మీటరు నీటి మీద 1 మిల్లీలీటరు నూనె సమానంగా పరుచుకుంటే పొర మందం 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది, కింద జానెడు నీళ్ళున్నా నిలువెత్తు నీళ్ళున్నా అంతే. అమెరికన్ శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర క్లాఫమ్ చెరువులో ఒక టీస్పూను నూనె పోస్తే దాదాపు అర ఎకరం పాకిందని 1774లో రాశాడు. మన వంటనూనె అంత బాగా పరుచుకోదు, చుక్కలు చుక్కలుగా ఆగిపోతుంది, అందుకని కొంచెం ఎక్కువే పడుతుంది. ఇంకో పెద్ద ప్లస్ ప్యూపాల మీద, అంటే లార్వా తర్వాత, దోమ అయ్యే ముందు దశ మీద కూడా పనిచెయ్యడం. ప్యూపా ఏమీ తినదు కాబట్టి తిండితో లోపలికి పోయే మందు ఏదీ దానికి ఎక్కదు, కానీ అదీ గాలి పీల్చాల్సిందే కదా.

మైనస్‌లు కూడా తక్కువేం కాదు, గాలి వీస్తే నూనె ఒక మూలకి చేరిపోతుంది, వాన పడితే పొర చెదురుతుంది, ఆకులూ చెత్తా తేలుతుంటే మధ్యలో ఖాళీలు ఉండిపోతాయి, కొన్నాళ్ళకి ముక్కిపోయి కంపు కొడుతుంది. కొబ్బరినూనె అయితే 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, చలికాలం దాన్ని మర్చిపోండి. మాన్సోనియా అనే రకం దోమ లార్వా మొక్కల వేళ్ళకి గొట్టం గుచ్చి అక్కడి గాలే పీలుస్తుంది, దానికి ఈ పొర ఉన్నా లేనట్టే.

వేపనూనె తీరు వేరు. దాంట్లో ఉండే ఆజాడిరాక్టిన్ పురుగు కుబుసం విడిచే హార్మోన్లని చెడగొడుతుంది. అంటే ఈరోజు వేస్తే రేపటికి చావాలని లేదు, లార్వాలు అలాగే రోజుల తరబడి తిరుగుతుంటాయి, తర్వాత పాత చర్మంలోంచి సగం బయటికొచ్చి ఇరుక్కుని చచ్చిపోతాయి. ఇది తెలియక మర్నాడే చూసి పనిచెయ్యట్లేదని ఇంకో సీసా గుమ్మరించేవాళ్ళు చాలామంది. ఎండ తగిలితే ఆజాడిరాక్టిన్ త్వరగా విరిగిపోతుంది, కాబట్టి నీడలో ఉండే నీళ్ళకే ఇది. కొనేటప్పుడు లేబుల్ మీద ఆజాడిరాక్టిన్ ఎన్ని పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) ఉందో చూడండి, బాగా శుద్ధి చేసిన వేపనూనెల్లో అది దాదాపు తీసేసి ఉంటుంది, వాసన మాత్రం మిగుల్తుంది.

నీళ్ళలో కలవాలంటే సబ్బు కలిపి చిలకాలి, చిలికిన వెంటనే పొయ్యాలి, లేకపోతే విడిపోతుంది. ఇక్కడో తిరకాసు ఉంది. సబ్బు నీళ్ళే లార్వాల్ని చంపగలవు, నీటి పైపొర బిగువు పోయి అవి పైన నిలవలేవు. కాబట్టి ఇంట్లో చేసిన మిశ్రమాలు అద్భుతం అని ఎవరైనా చెప్తే క్రెడిట్‌లో ఎంత సబ్బుదో అడగాలి.

నిమ్మగడ్డి, లవంగం, యూకలిప్టస్, నారింజ తొక్క తైలాల మీద ల్యాబ్ ఫలితాలు బోలెడు, చంపుతాయనేది నిజమే. కానీ ఆ టెస్టులు సాధారణంగా 25 లార్వాల్ని ఓ కప్పు శుభ్రమైన నీళ్ళలో వేసి ఒక రోజు తర్వాత లెక్కపెట్టేవి. చాలా తైలాలకి పదుల నుంచి వంద దాటిన పీపీఎం కావాలి, వంద పీపీఎం అంటే వెయ్యి లీటర్లకి 100 మిల్లీలీటర్ల తైలం, లోతు రెట్టింపైతే అదీ రెట్టింపు. పైగా ఆవిరైపోతుంది, మురుగు నీళ్ళలో చెత్తకి అంటుకుని బలం తగ్గుతుంది. దోమలు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునే వాటిగా వీటికి విలువుంది, నీళ్ళలో పొయ్యడానికి మాత్రం నా ఓటు పడదు.

సరే, ఏది ఎక్కడ. గాలి తగలని చిన్న గుంట, గొయ్యి, వాడని గొట్టం లాంటి చోట్ల వంటనూనె, అదీ వారం వారం, ఎందుకంటే వేడి వాతావరణంలో గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులే. నీడలో ఉన్న నిల్వ మురుగుకి సబ్బుతో చిలికిన వేపనూనె. చేపలున్న నీళ్ళు, చెరువు, తాగే నీళ్ళు అయితే ఈ మూడిట్లో ఏదీ వద్దు. మొక్కలదే కదా అని ధీమా పనికిరాదు, తైలాలు చేపల్నీ చిన్న చిన్న నీటి జీవుల్నీ కూడా చంపుతాయి, నూనె పొర అయితే లార్వాల్ని వేటాడి తినే నీటి పురుగుల్ని కూడా ఊపిరాడకుండా చేస్తుంది. అలాంటి నీళ్ళకి 1976లో ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిలో దొరికిన బ్యాక్టీరియా, బీటీఐ, నయం, లార్వాలు తింటే దాని విషం పేగుల్ని పాడుచేస్తుంది, సాధారణంగా ఒక రోజులో చచ్చిపోతాయి, చేపలకి ఇబ్బంది ఉండదు. ప్యూపాల మీద అది కూడా పనిచెయ్యదు.

వేపనూనె వేసినవాళ్ళు లార్వాలు కదుల్తున్నాయని కంగారు పడకుండా, కామా ఆకారంలో దొర్లే ప్యూపాలు వస్తున్నాయా లేదా చూడండి. మొదటి రోజుల్లో కనపడేవి ముందు నుంచీ ఉన్నవి అయుండొచ్చు, వారం దాటాక కూడా కొత్తవి వస్తుంటే డోసు చాలలేదు, లేదా ఎండకి మందు పోయింది.