లామార్టిన్ ఊళ్ళలో ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

కవి లామార్టిన్ కోసం ఫ్రాన్స్ వెళ్తున్నామంటే ఎక్కువమంది ఎక్స్-లె-బాన్ పక్కనున్న బుర్జే సరస్సు చూసి రమ్మంటారు. 1816లో ఆయనకి ప్రేయసి జూలీ షార్ల్ పరిచయమైంది అక్కడే. మరుసటి ఏడాది ఆమె జబ్బుపడి రాలేకపోతే, ఒంటరిగా వెళ్ళి ‘సరస్సు’ కవిత రాశాడు. ఆ డిసెంబరులోనే ఆమె పోయింది. సరస్సు నిజంగా అందమైనదే, పడవలో అవతలి ఒడ్డున ఒట్‌కోంబ్ మఠం దాకా వెళ్ళొచ్చు. కాకపోతే అది వేడినీటి స్నానాల ఊరు. సీజన్లో గది దొరకడమే కష్టం, దొరికినా రేటు చూస్తే గుండె గుభేల్మంటుంది. పైగా అక్కడ కనిపించేది ప్రేమికుడే. రాజకీయ నాయకుడు, అప్పులపాలైన ద్రాక్షతోటల యజమాని కావాలంటే బర్గండీలో ఆయన పుట్టిన మాకోన్‌కి వెళ్ళాలి.

పారిస్ నుంచి టీజీవీ అనే వేగరైల్లో గంటన్నర పైచిలుకు ప్రయాణం. కానీ ఆ రైలు ఆగే మాకోన్-లోషే స్టేషన్ ఊరికి దూరం. దాని చుట్టుపక్కల హోటళ్ళు చవక అని బుక్ చేసుకోకండి, రాత్రి తిండికి ఇబ్బంది పడతారు. సోన్ నది ఒడ్డున ఉంటే వంతెన, కవి విగ్రహం, ఉర్సులిన్ మ్యూజియం అన్నీ నడక దూరమే. మేం దిగిన చిన్న హోటల్లో లిఫ్ట్ లేదు, సూట్‌కేసులతో మూడో అంతస్తు ఎక్కేసరికి ప్రాణం పోయింది. అయినా కిటికీ తీస్తే నది, మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. శాకాహారులకి మేక పాల చీజ్ సలాడ్, గుజేర్ అనే చీజ్ బోండాల్లాంటివి తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, బతిమాలినా లాభం లేదు.

కారు తప్పనిసరి. పక్కనున్న క్లూనీ ఊరికి బస్సు ఉంది గానీ, ఆయన కోట ఉన్న సాన్‌ప్వా ఊరికి దాన్ని నమ్ముకుని వెళ్ళలేం. ఫోన్‌లో పిలిచిన టాక్సీ ఒకటి వస్తానని రాలేదు, ఇక అద్దె కారే దిక్కయింది.

మిల్లీ ఆయన చిన్నప్పటి ఊరు. ఇల్లు ఇప్పటికీ ప్రైవేటుదే, ముందే కనుక్కుని వెళ్ళాలి. తల్లి జ్ఞాపకాలున్న ఆ ఇంటిని అప్పులు తీర్చడానికి 1860లో అమ్ముకున్నాడని తెలిసి చూస్తే మామూలు పల్లెటూరి ఇల్లు కూడా వేరేగా కనిపిస్తుంది. చూడ్డానికి అరగంట చాలు.

నాకు నచ్చింది మాత్రం సాన్‌ప్వా. కోటకి ఆయనే ఇంగ్లీషు గోతిక్ సోకులు పెట్టించాడు, భార్య ఇంగ్లీషావిడ మరి. చర్చి పక్కన సమాధి ఉంది. కూతురు జూలియా కూడా అక్కడే. 1832 డిసెంబరులో, తూర్పు దేశాల యాత్రలో, బేరూత్‌లో పదేళ్ళ వయసులో పోయింది. ఆ యాత్ర ముగియకముందే తండ్రి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. సంతోషం, దుఃఖం అలా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి ఆయన జీవితంలో.

రాజకీయాల్లోనూ అంతే. 1848 ఫిబ్రవరి 25న పారిస్ నగరసభ భవనం ముందు ఎర్రజెండా కావాలన్న జనానికి నచ్చజెప్పి మూడురంగుల జెండా నిలబెట్టాడు. విప్లవంతో రాజు గద్దె దిగాక ఏర్పడి, ఆయన విదేశాంగ మంత్రిగా ఉన్న తాత్కాలిక ప్రభుత్వమే బానిసత్వాన్ని రద్దు చేసి, మగవాళ్ళందరికీ ఓటిచ్చింది. మన యానాం భాగంగా ఉన్న ఫ్రెంచి ఇండియాకి పారిస్ చట్టసభలో సీటు కల్పించింది కూడా ఆ ప్రభుత్వమే. ఏప్రిల్లో పది జిల్లాల నుంచి గెలిచిన మనిషికి డిసెంబరు అధ్యక్ష ఎన్నికలో 20 వేల ఓట్లు కూడా పడలేదు. గెలిచిన లూయీ నెపోలియన్‌కి 50 లక్షలు దాటాయి! ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు అప్పులవాళ్ళ కోసం పేజీలు నింపుతూ బతికాడు.

కోటలోకి ప్రవేశం అన్ని రోజులూ ఉండదు కాబట్టి దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు. సమాధి, చర్చి, లోయ చాలు. మోకాళ్ళు సహకరిస్తే తిరుగు దారిలో సొల్యూత్రే కొండ ఎక్కండి, ఎత్తు 493 మీటర్లే. అధ్యక్షుడిగా ఉన్నప్పుడు మిత్తెరాఁ ఏటా ఎక్కేవాడట. సైకిల్ మీద క్లూనీ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు చలికాలం వద్దు, గబ్బిలాల కోసం దారిలోని సొరంగం మూసేస్తారు.