బాక్సులో పెరుగన్నమా, ఇడ్లీనా?

థెరపీ సెంటర్ బయట కుర్చీల్లో కూర్చునే తల్లులం ఒకరి పేరు ఒకరం అడగడానికి నెలలు పడుతుంది. ఒక ప్రశ్న మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తుంది: "మీవాడికి బాక్సులో ఏం పెడతారండీ?" జూన్‌లో బడులు తెరిచారంటే ఇది ఇంకా ఎక్కువ. ఈ ఏడు కనీసం ఏడెనిమిది మంది అడిగారు. అందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మా వాడికి ఎనిమిదేళ్ళు. ఆటిజం. తినేవి ఒక చేతి వేళ్ళకు ఒకటి ఎక్కువ: పెరుగన్నం, చట్నీ లేని ఇడ్లీ, కరకరలాడే దోసె, బంగాళాదుంప వేపుడు, మచ్చ పడని అరటిపండు, ఒక రకం బిస్కెట్. ఇది మొండితనమా, మేం చేసిన గారాబమా అన్న చర్చలోకి వెళ్ళను. ఆ మాటలు మీరూ చాలానే విని ఉంటారు. ఇలా తిండి బాగా కుదించుకుపోవడానికి 2013 నుంచి వైద్యుల పుస్తకాల్లో ఆర్ఫిడ్ అని వేరే పేరే ఉంది. ఆటిజం ఉన్న పిల్లలందరికీ అది ఉంటుందని కాదు. ఈ సంగతి మా అత్తయ్యకు చెప్పడానికి నాకు బాగా పనికొచ్చింది, అంతే.

మా ఇంట్లో ఉదయం ఏడున్నరకు బాక్సు మూత పడుతుంది. వాడు దాన్ని తెరిచేది పన్నెండు ఇరవైకి. మధ్యలో దగ్గర దగ్గర అయిదు గంటలు. నేను రుచి చూసి "బాగుంది" అనుకున్నది ఏడున్నర నాటి తిండి. వాడు తినేది ఇంకో తిండి. మామూలు పిల్లలకు ఆ తేడా పెద్ద లెక్క కాదు. మా వాడికి అదే మొత్తం లెక్క. పోషకాలు, ప్రొటీన్లు అన్నీ దాని తర్వాతే, ఎందుకంటే బాక్సులో ఉండిపోయిన ప్రొటీన్ ఎవరికీ పనికిరాదు.

మొదటి రెండేళ్ళూ నేను పెట్టింది పెరుగన్నమే. మనింట్లో పిల్లలకు బాక్సంటే మొదట గుర్తొచ్చేది అదే కదా. మెత్తగా ఉంటుంది, నమలనక్కర్లేదు, కడుపు నిండుతుంది, కాల్షియం వస్తుంది. గట్టి ముక్క నోట్లో పడితే ఓకరించే పిల్లలకు దీన్ని మించింది లేదు. మీ పిల్లకు నమలడమే కష్టమైతే కింద నేను ఎంత చెప్పినా పట్టించుకోకండి, పెరుగన్నమే పెట్టండి.

చిక్కంతా పుల్లదనంతో. పొద్దున్నే పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పులుస్తుందని మన అమ్మలు కనిపెట్టిన ఉపాయం అందరికీ తెలిసిందే. అన్నంలో పాలు పోసి, చెమ్చా పెరుగు తోడుపెట్టి పంపిస్తే బాక్సులోనే తోడుకుంటుంది. ఎంత చక్కటి ఉపాయమో, మా వాడి విషయంలో అంత దెబ్బ. మార్చి దాటాక హైదరాబాద్ ఎండకి పదకొండుకే తోడుకుని, పన్నెండింటికి పులుపెక్కుతుంది. డిసెంబర్‌లో మధ్యాహ్నానికి కూడా తోడుకోదు, అది పాలన్నమే. సంక్రాంతి తర్వాత కొత్త బియ్యం బస్తా దిగితే అన్నం ముద్దవుతుంది. పాత బియ్యమైతే పెరుగంతా పీల్చేసి గట్టిపడుతుంది. మనకు ఇవన్నీ పెరుగన్నమే. వాడికి సోమవారం పెట్టింది ఒక వంట, గురువారం పెట్టింది ఇంకో వంట, పేరు మాత్రం ఒకటే. "నిన్న తిన్నాడు కదా, ఇవాళ ఏమైంది?" అని వాడి మీద విసుక్కున్న రోజులు తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నిన్నటిది వేరు, అంతే.

పెరుగన్నమే పెట్టాలనుకునేవాళ్ళకు నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. పాల ఉపాయం మానేయండి. ముందు రాత్రి రోజూ ఒకే వేళకు తోడుపెట్టి, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు వాడండి. అన్నం వేడి మీద మెదిపి, పళ్ళెంలో పల్చగా పరిచి పూర్తిగా చల్లార్చి, అప్పుడు చల్లటి పెరుగు కలపండి. బాక్సు పక్కన చిన్న ఐస్ ప్యాక్ ఉంటే మరీ మంచిది. గోరువెచ్చటి అన్నానికి మూత పెట్టొద్దు. రుచి కోసం మాత్రమే చెప్పడం లేదు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి వాంతులు పట్టుకుంటాయి. వాంతైన తిండిని మన పిల్లలు మళ్ళీ ముట్టుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో మీకు తెలుసు.

ఇక ఇడ్లీ. మొన్న మార్చి నుంచి వారానికి నాలుగు రోజులు ఇదే, నా ఓటు కూడా దీనికే.

మన పిల్లలు బిస్కెట్‌నీ చిప్స్‌నీ ఎందుకు అంతలా నమ్ముతారో చాలాకాలం నాకు అర్థం కాలేదు. రుచి వల్ల అనుకున్నా. కాదు. ప్యాకెట్లో వందో బిస్కెట్ కూడా మొదటి బిస్కెట్‌లాగే ఉంటుంది: అదే గుండ్రం, అదే రంగు, కొరికితే అదే చప్పుడు. మన చేతి వంట ఏనాడూ అలా ఉండదు, మనం దాన్నే చేతి మహిమ అంటాం. ఇంట్లో వండేవాటిలో ఫ్యాక్టరీ సరుకుకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇడ్లీ. అదే ప్లేటు, అదే గుంట, అదే తెలుపు. ఏ కూరగాయ ముక్కా, ఏ పోపు గింజా అడ్డురాదు. చల్లారినా పెద్దగా మారదు. బియ్యపు రవ్వతో చేసిన ఇడ్లీ అయితే చల్లారాక ఇంకాస్త గట్టిపడి చేత్తో తుంచుకోవడానికి వీలుగా ఉంటుంది. చెమ్చాతో పనిలేదు.

ఇంకో లాభం నేను అనుకోనిది. ఇడ్లీని లెక్కపెట్టొచ్చు. నాలుగు పెడితే ఒకటి తిరిగొచ్చిందంటే మూడు తిన్నాడు. పెరుగన్నం సగం తగ్గి వస్తే తిన్నాడో, చెత్తబుట్టలో వేశాడో, మూతకు అంటించి వచ్చాడో మాటలు తక్కువున్న పిల్లాణ్ణి అడిగి తెలుసుకోలేం. వాడికీ ఆ లెక్క ఇష్టం. నాలుగు అంటే నాలుగే, అయిదోది పెడితే మూత వేసేస్తాడు.

అయితే "ఇడ్లీ పెట్టాను, తినలేదు" అని నాతో అన్నవాళ్ళందరినీ నేను అడిగేది ఒకటే: వేడిగా పెట్టారా, చల్లార్చి పెట్టారా? వేడి ఇడ్లీకి మూత పెడితే ఆవిరి మూతకు పట్టి, నీటి బొట్లై కిందికి కారుతుంది. అడుగున ఉన్న ఇడ్లీ జిగురు కడుతుంది. ఆ జిగురు మీద వేలు పడిందంటే ఆ రోజుకి అంతే సంగతులు. ప్లేటు నుంచి తీసి పొడి నూలుగుడ్డ మీద పది పదిహేను నిమిషాలు ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కనే పేర్చండి. పిండి వారానికి ఒక్కసారి రుబ్బితే మూడో రోజుకే పులుపు మొదలవుతుంది, అంటే పెరుగన్నం కథే మళ్ళీ. నేను ఆదివారం ఒకసారి, బుధవారం ఒకసారి రుబ్బుతాను. ఒకటికి రెండు, గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పని ఎక్కువే, కాదనను.

ఇడ్లీ కూడా కాలు జారే చోటు ఉంది. చిన్నపిల్లాడు కదా, ముద్దుగా ఉంటాయని మా అత్తయ్య గుంటూరు నుంచి బటన్ ఇడ్లీల ప్లేటు తెచ్చారు. పద్నాలుగు బుల్లి ఇడ్లీలు. బాక్సు తెరిచి చూసి, మూసేసి, ఇంటికి వచ్చేశాడు. "అదే పిండే కదమ్మా!" అని ఆవిడ నొచ్చుకున్నారు. పిండి అదే, ఇడ్లీ అది కాదు.

నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. కూరగాయలు అసలు లేవన్న దిగులుతో క్యారట్ సన్నగా తురిమి పిండిలో కలిపాను. ఒక్క చెమ్చా. వాడు ఇడ్లీని విరిచి, వెలుతురులో పట్టుకుని, నారింజ రంగు నలుసు చూశాడు. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు తెల్ల ఇడ్లీని కూడా నమ్మలేదు. తినే ఆరింటిలో ఒకటి పోయి అయిదు మిగలడమంటే ఏమిటో ఈ బాధ పడ్డవాళ్ళకే తెలుస్తుంది. చాటుగా కలపండని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. దొరికిపోతే పోయేది క్యారట్ కాదు, ఇడ్లీ.

పోషకాల లెక్క అడిగేవాళ్ళకు: రెండింటిలో ఏదీ పెద్దగా గెలవదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 23 గ్రాముల ప్రొటీన్ కావాలి. నాలుగు ఇడ్లీల్లో ఆరేడు గ్రాములు వస్తుంది, పెద్ద కప్పు పెరుగన్నంలోనూ అటూ ఇటుగా అంతే. కాల్షియంలో పెరుగుది పైచేయి. ఐరన్ రెండింటిలోనూ అంతంతమాత్రం. విటమిన్ సి లేనట్టే. దాన్ని బాక్సుతోనే పూడ్చాలని నేను ఇక పాకులాడటం లేదు. ఆ పని సాయంత్రం ఇంట్లో, ఎవరూ చూడని చోట, తొందర లేనప్పుడు. అలాగని వదిలేసే సంగతి కూడా కాదు. బాగా కుదించిన తిండి మీద ఏళ్ళ తరబడి నడిచిన ఆటిజం పిల్లల్లో విటమిన్ సి లోపంతో స్కర్వీ వచ్చి, కాళ్ళ నొప్పులతో నడవడం మానేసిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఏడాదికోసారి పిల్లల డాక్టరు దగ్గర బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్, విటమిన్ డి, బి12 చూపించండి. చుక్కల మందు ఏది, ఎంత అన్నది ఆయన చెప్పాలి, నేను కాదు. పాలతో కడుపు నింపేసే పిల్లలైతే ఆ సంగతి కూడా చెప్పండి, పాలు మరీ ఎక్కువైతే ఐరన్ తగ్గుతుంది.

"గోధుమలు, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందట కదా?" అని అడిగేవాళ్ళు ఎలాగూ ఉంటారు. దానికి గట్టి ఆధారాలు లేవని మా డాక్టరు చెప్పారు, నేను చదివినంతలోనూ అంతే. గోధుమలు పడని జబ్బు ఉంటే అది వేరే మాట. ఆరు రకాలు తినే పిల్లాడి దగ్గర పాలు, గోధుమలు తీసేస్తే పెరుగన్నం, బిస్కెట్ రెండూ పోతాయి. చూస్తే మన ఇడ్లీలో ఆ రెండూ పుట్టుకతోనే లేవు, మానిపించాలని ముచ్చటపడేవాళ్ళు ఆ పూటకి తృప్తిపడొచ్చు.

మిగతావి త్వరగా. దోసె పెనం మీద అమృతం, బాక్సులో మధ్యాహ్నానికి తోలు. కరకరలాడేదే తినే పిల్లలకు పెట్టొద్దు, మెత్తటిదే ఇష్టమైతే పెట్టుకోవచ్చు. నిమ్మకాయ పులిహోర త్వరగా చెడిపోదు, తినే పిల్లలుంటే అదృష్టం. మా వాడు ఆవగింజలు ఒక్కొక్కటీ ఏరి మూతలో పేరుస్తాడు, అరగంట విరామం దానికే సరిపోతుంది. చపాతీ చుట్టలు నేను ప్రయత్నించి వదిలేశాను. ఉడికించిన గుడ్డు మంచిదే, ఒక్కదానిలోనే ఆరు గ్రాముల ప్రొటీన్. కానీ మూత తీయగానే వచ్చే వాసనకి పక్కపిల్లలు ముక్కు మూసుకుంటారు, మనవాడు అంతకంటే ముందే మూసుకుంటాడు.

బాక్సు గురించి కూడా ఒక మాట. వేడిగా ఉంచే ఫ్లాస్కు బాక్సు కొని డబ్బు దండగ చేశాను. లోపల ఆవిరి, తెరవగానే వాసన, పైగా మర మూత వాడి వేళ్ళకు తిరగలేదు. నెల రోజులు ఆకలితో వచ్చాడు, తిండి నచ్చలేదనుకున్నాం. అసలు తెరవలేకపోయాడట. ఇప్పుడు గదులున్న మామూలు స్టీలు బాక్సు, పక్క క్లిప్పులు. ఒక గదిలో ఇడ్లీ, ఇంకో గదిలో బంగాళాదుంప వేపుడు, ఒకదానికొకటి తగలవు. కొత్త బాక్సు ఏదైనా ముందు వారం ఇంట్లోనే వాడి చేత తెరిపించి చూడండి.

బడిలో ఫలానా రోజు మొలకలు, ఫలానా రోజు ఆకుకూర అని పట్టిక ఇస్తారు. మా బడిలోనూ ఇచ్చారు. పట్టికలో లేని బాక్సని మొదట్లో రెండుసార్లు డైరీలో ఎర్ర సిరాతో రాశారు. డాక్టరు చేత ఒక పేజీ రాయించుకుని వెళ్ళి, టీచరుగారితోనూ, భోజనాల దగ్గర ఉండే ఆయమ్మతోనూ విడివిడిగా మాట్లాడాను. టీచరుగారికి కాగితం సరిపోయింది. ఆయమ్మకు మాత్రం ఒకటే చెప్పాను: "తినకపోతే మాననీయండి, నోట్లో మాత్రం పెట్టకండి." ఆవిడకే ముందు అర్థమైంది.

ఈ మధ్య మొదలుపెట్టిన సంగతొకటి ఉంది. మినప్పప్పు కాస్త పెంచుదామని. ఈసారి చాటుగా కాదు. ఆదివారం పప్పు నానబెట్టేటప్పుడు వాణ్ణి పక్కన నిలబెట్టి గ్లాసు వాడి చేతికే ఇచ్చాను. "ఒకటి," అన్నాడు. ఇంకో పావు గ్లాసు చూపించాను. చాలాసేపు చూసి, పోశాడు. సోమవారం బాక్సులో మూడు తిన్నాడు. నాలుగోదాన్ని విరిచి, లోపల చూసి, అలాగే పెట్టి తెచ్చాడు.