బాణానికి కుడివైపు ఏముంటుంది? ఆన్‌లైన్ పాఠాలతో రియాక్షన్ ప్రొడక్ట్‌లు నేర్చుకున్నాక నా రివ్యూ

రెండు పదార్థాల పేర్లు ఇచ్చి "ఇవి కలిస్తే ఏం వస్తుంది?" అని అడుగుతారు చూడండి, కెమిస్ట్రీలో చాలామందికి టెన్షన్ మొదలయ్యేది అక్కడే. సమీకరణం మొత్తం ఇచ్చి తుల్యం చేయమంటే అది లెక్క, ఎలాగోలా తేలుతుంది. బాణానికి కుడివైపు ఖాళీ వదిలేస్తేనే పెన్ను ఆగిపోతుంది. ఆ ఒక్క సంగతి కుదురుగా నేర్చుకుందామని డబ్బు కట్టి ఓ ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నాను. ఏడాది దాటింది, ఇంకా వాడుతున్నాను. కోర్సు పేరు చెప్పను. ఈ రకం కోర్సులు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి కాబట్టి, నేను చెప్పే మంచీ చెడూ మీరు చూస్తున్నదానికీ చాలావరకు వర్తిస్తాయి.

మొదటి భాగం అందరూ ఊహించేదే. చర్యల్ని ఐదు రకాలుగా విడదీస్తారు: సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం, దహనం. హైడ్రోకార్బన్‌ని బాగా మండిస్తే కార్బన్ డయాక్సైడ్, నీరు. సున్నపురాయిని వేడి చేస్తే కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్. జింక్ ముక్కని కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేస్తే నీలం రంగు తగ్గి, ఎర్రటి రాగి పేరుకుంటుంది. ఇక్కడిదాకా హాయిగా సాగిపోతుంది. క్విజ్‌లో మార్కులు కూడా బాగా వస్తాయి, మనకి వచ్చేసిందనే అనిపిస్తుంది.

నిజానికి అప్పటికి వచ్చింది వర్గీకరణ మాత్రమే. దీనికి మంచి పరీక్ష నైట్రేట్లు. సోడియం నైట్రేట్‌ని వేడి చేస్తే సోడియం నైట్రైట్, ఆక్సిజన్ వస్తాయి. లెడ్ నైట్రేట్‌ని వేడి చేస్తే లెడ్ ఆక్సైడ్, గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్, ఆక్సిజన్. అమ్మోనియం నైట్రేట్ అయితే నైట్రస్ ఆక్సైడ్, నీరు. మూడూ వియోగ చర్యలే, మూడింటి ప్రొడక్ట్‌లూ వేరు. చర్య ఏ రకమో తెలిసినంత మాత్రాన కుడివైపు ఏం రాయాలో తేలదు. మా కోర్సు ఈ మూడింటినీ ఒక పట్టికలో పెట్టి గుర్తుపెట్టుకోమంది, అంతే. కారణం చెప్పడం అంత కష్టమేమీ కాదు. లెడ్ అయాన్‌కి రెండు ధనావేశాలు. అది నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ని గట్టిగా లాగుతుంది, నైట్రేట్ విరిగిపోయి ఆక్సైడ్ మిగులుతుంది. సోడియంకి ఉన్నది ఒకటే ఆవేశం, లాగే బలం తక్కువ, అందుకే కథ నైట్రైట్ దగ్గర ఆగుతుంది. లిథియంకీ ఒకటే ఆవేశం, కానీ అయాన్ బాగా చిన్నది, కాబట్టి అది లెడ్ దారిలోనే పోతుంది. అమ్మోనియం నైట్రేట్ సంగతి పూర్తిగా వేరు. అందులో ఒక నైట్రోజన్ ఆక్సీకరణ స్థితి మైనస్ 3, ఇంకోదానిది ప్లస్ 5. వేడి తగిలితే అవి రెండూ ఒకదాంతో ఒకటి చర్య జరుపుకుంటాయి. ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే పట్టిక అవసరమే ఉండేది కాదు.

ఈ కోర్సుని వదలకుండా ఉండడానికి కారణం రెండో భాగం. అందులో చర్యాశీలత శ్రేణి (ఏ లోహం ఎక్కువ చురుకో చెప్పే వరస), ద్రావణీయత నియమాలు (ఏ లవణం నీళ్లలో కరుగుతుందో చెప్పేవి) వస్తాయి. ప్రశ్నల మధ్య మధ్యలో అసలు చర్యే జరగనివి కలిపేశారు. రాగి ముక్కని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే? ఏమీ జరగదు. సోడియం క్లోరైడ్ ద్రావణాన్ని పొటాషియం నైట్రేట్ ద్రావణంతో కలిపితే? ఏమీ జరగదు, నాలుగు అయాన్లూ నీళ్లలో అలాగే తిరుగుతుంటాయి. ద్వంద్వ వియోగం పాఠం వినగానే జతలు మార్చి సోడియం నైట్రేట్, పొటాషియం క్లోరైడ్ అని రాసేయడానికి చెయ్యి దురదపెడుతుంది. చాలా ప్రశ్నల బ్యాంకుల్లో "చర్య జరగదు" అనే జవాబే ఉండదు, దాంతో ఏ రెండిటిని కలిపినా ఏదో ఒకటి రావాల్సిందే అన్న అలవాటు పడిపోతుంది. కోర్సు కొనేముందు శాంపిల్ ప్రశ్నల్లో నేనైతే ముందు ఇదే వెతుకుతాను.

ఈ ప్రశ్నలు చేస్తూ పోతే చూపు మారుతుంది. జతలు మార్చడం పక్కనపెట్టి, ద్రావణంలోంచి ఏది బయటికి పోతుందని చూడడం మొదలవుతుంది. సిల్వర్ నైట్రేట్‌లో ఉప్పు ద్రావణం పోస్తే సిల్వర్ క్లోరైడ్ తెల్లటి అవక్షేపంగా దిగిపోతుంది. లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ కలిస్తే పసుపుపచ్చ లెడ్ అయొడైడ్. కార్బొనేట్ మీద ఆమ్లం పోస్తే కాగితం మీద కార్బోనిక్ ఆమ్లం వస్తుంది కానీ అది నిలవదు, నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. అమ్మోనియం లవణానికి క్షారం కలిపి వేడి చేస్తే అమ్మోనియా పోతుంది. అవక్షేపమో, వాయువో, నీరో ఏర్పడుతోందా అని చూసుకుంటే ఆ అధ్యాయం మొత్తం చేతికి వచ్చినట్టే.

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటుంది. కాపర్ సల్ఫేట్ జలద్రావణంలో సోడియం వేస్తే ఏమవుతుంది? శ్రేణిలో సోడియం రాగి కంటే ఎంతో పైన ఉంది, కాబట్టి రాగిని తోసేస్తుందని రాయాలనిపిస్తుంది. కానీ అక్కడ నీళ్లున్నాయి. సోడియం ముందు నీళ్ల మీద పడుతుంది. హైడ్రోజన్ వస్తుంది, సోడియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది, దాంతో లేత నీలం కాపర్ హైడ్రాక్సైడ్ అవక్షేపం దిగుతుంది. సమీకరణంలో రాయని పదార్థం కూడా చర్యలో ఉంటుందని ఒక్క ప్రశ్నతో తలకెక్కించారు. ఇలాంటివి ఇంకో పది పెట్టి ఉంటే బాగుండేది. ఉదాహరణకి అల్యూమినియం. దాని మీదున్న ఆక్సైడ్ పొర వల్ల, శ్రేణి ప్రకారం జరగాల్సిన చర్యలు కూడా వెంటనే మొదలు కావు. ఈ మాట కోర్సులో ఎక్కడా కనబడలేదు.

ఇదే భాగంలో పెద్ద లోపం కూడా ఉంది. రాగి ఆమ్లాలతో చర్య జరపదని ఇక్కడ చెప్పి వదిలేస్తారు. నైట్రిక్ ఆమ్లం సంగతి ఎక్కడో చివర్లో, ఆక్సీకరణ–క్షయకరణ పాఠంలో వస్తుంది. సజల నైట్రిక్ ఆమ్లంతో రాగి నైట్రిక్ ఆక్సైడ్‌ని ఇస్తుంది, గాఢ ఆమ్లంతో నైట్రోజన్ డయాక్సైడ్‌ని. రెండిట్లోనూ కాపర్ నైట్రేట్ ఏర్పడుతుంది, హైడ్రోజన్ మాత్రం రాదు. ఇనుము కూడా అంతే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఫెర్రస్ క్లోరైడ్, వేడి చేసి క్లోరిన్ వాయువు పంపితే ఫెర్రిక్ క్లోరైడ్. చివరిదాకా ఓపికగా చూసినవాళ్లకే ఇవి తెలుస్తాయి. మధ్యలో ఆపేసినవాళ్లు సగం నిజంతో బయటికి వెళ్తారు. రెండో భాగంలోనే ఒక లైను రాసి, అక్కడికి లింకు ఇస్తే సరిపోయేది.

జవాబులు టైపు చేసే పెట్టె గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తికాదు. ప్రొడక్ట్‌లు సరిగ్గా రాసి, తుల్యం చేయడంలో ఒక అంకె తేడా వస్తే మొత్తం తప్పని ఎర్రగీత పెడుతుంది. ఎక్కడ తప్పో చెప్పదు. ఏం వస్తుందో ఊహించడం ఒక పని, పరమాణువుల లెక్క సరిచూడడం ఇంకో పని. రెండిటికీ ఒకే ఎర్రగీత అయితే, మన ఆలోచనే తప్పేమోనని సరైన జవాబుని చెరిపి తప్పుది రాసే ప్రమాదం ఉంది. తుల్యం చేయడం కోసం నేను కోర్సుని నమ్ముకోలేదు. కొలరాడో యూనివర్సిటీవాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి, వాటిలో దీనికోసమే ఒకటుంది. బొమ్మల్లో అణువులు కళ్లముందు కనిపిస్తాయి కాబట్టి ఎటువైపు ఏది తగ్గిందో ఇట్టే తెలుస్తుంది. అయితే అందులో ప్రొడక్ట్‌లు వాళ్లే ఇస్తారు, ఊహించమని అడగరు. కాబట్టి అది కోర్సుకి తోడు మాత్రమే.

వీడియోలు బాగున్నాయి, అందులో సందేహం లేదు. సార్ గొంతు స్పష్టంగా ఉంటుంది, తొందరపడరు. కానీ ఆయన బాణం గీసి కుడివైపు గడగడా రాసుకుంటూ పోతుంటే మనం తలూపుతూ కూర్చుంటాం. గట్టున కూర్చుని ఈత చూడడమే అది. కొన్ని పాఠాల్లో మాత్రం బాణం దగ్గర వీడియో దానంతటదే ఆగుతుంది, మనం ఏదో ఒకటి రాస్తేగానీ ముందుకి కదలదు. ఆ పాఠాలే నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మిగతావాటికి నేనే బాణం దగ్గర ఆపి, కాగితం మీద రాసుకుని, తర్వాత ప్లే నొక్కుతాను. పాఠానికి పట్టే సమయం రెట్టింపవుతుంది, అయినా వేరే దారి లేదు. వేగం పెంచి చూడడం ఈ సబ్జెక్టుకి అస్సలు పనికిరాదు.

ఆర్గానిక్ దగ్గరికి వచ్చేసరికి కోర్సు స్థాయే మారిపోయింది. ఇక్కడ రకాల గొడవ లేదు. ఎలక్ట్రాన్లు ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాయో వంపు బాణాలతో చూపిస్తారు. ప్రొపీన్‌కి హైడ్రోజన్ బ్రోమైడ్ కలిస్తే 2-బ్రోమోప్రొపేన్ ప్రధానంగా వస్తుంది. 1870లో మార్కోవ్నికోవ్ చెప్పిన నియమం ఇది. పెరాక్సైడ్ ఉంటే వ్యవహారం తిరగబడి 1-బ్రోమోప్రొపేన్ వస్తుందని 1933లో ఖరాష్, మేయో చూపించారు. నియమాలుగా రెండూ బట్టీపట్టొచ్చు. కానీ కోర్సు చర్య మధ్యలో ఏర్పడే కార్బోకేటయాన్ (ధనావేశం ఉన్న కార్బన్ అయాన్) దగ్గర ఆగి, ఏర్పడగల రెండిట్లో ఏది స్థిరమైనదని అడుగుతుంది. ఆ వెంటనే 3-మిథైల్-1-బ్యూటీన్ ఇస్తుంది. నియమం మాత్రమే తెలిసినవాళ్లు 2-బ్రోమో-3-మిథైల్‌బ్యూటేన్ రాసి ఊరుకుంటారు. బాణాలు గీసేవాళ్లకి పక్క కార్బన్ మీదున్న హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్ల జతతో సహా జరగడం కనిపిస్తుంది, 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్ ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. ఈ ఒక్క పాఠానికి కట్టిన డబ్బు గిట్టుబాటైందనిపించింది.

ప్రతిక్షేపణ (ఒక గుంపు స్థానంలో ఇంకోటి చేరడం), విలోపన (అణువులోంచి కొంత భాగం ఊడిపోయి జంట బంధం ఏర్పడడం) చర్యల అధ్యాయం గురించి నా అభిప్రాయం అంత సూటిగా ఉండదు. ప్రతిక్షేపణ జరిగే రెండు దారులు ఎస్ఎన్1, ఎస్ఎన్2, విలోపన జరిగే రెండు దారులు ఈ1, ఈ2, నాలుగూ ఒకేసారి మీద పడతాయి. కార్బన్ ఏ రకం (దానికి ఇంకో రెండు కార్బన్లు అతుక్కుని ఉంటే సెకండరీ, మూడు ఉంటే టెర్షియరీ), క్షారం ఎంత బలమైనది, ఎంత లావైనది, ద్రావణి ఏమిటి, వేడి ఉందా అంటూ ఒక ఫ్లోచార్ట్ ఇచ్చారు. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్, సోడియం ఇథాక్సైడ్ లాంటి ప్రశ్నకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈథర్ వస్తుందని ఆశపడితే ఐసోబ్యూటిలీన్ అనే ఆల్కీన్ (కార్బన్ల మధ్య జంట బంధం ఉన్న పదార్థం) వస్తుంది. అలాంటి ఈథర్ కావాలంటే తిప్పి పెట్టాలి, అంటే టెర్షియరీ బ్యూటాక్సైడ్‌ని మిథైల్ లేదా ఇథైల్ హాలైడ్‌తో కలపాలి. మిథైల్ అయితే మరీ మంచిది, దాన్నుంచి ఆల్కీన్ వచ్చే అవకాశమే లేదు. ఇక్కడిదాకా బాగానే ఉంది.

సెకండరీ కార్బన్ రాగానే ఫ్లోచార్ట్ తడబడుతుంది. 2-బ్రోమోబ్యూటేన్‌కి ఇథాక్సైడ్ వేస్తే 2-బ్యూటీన్ ఎక్కువ, 1-బ్యూటీన్ తక్కువ, కాస్త ఈథర్ కూడా వస్తాయి. లావైన టెర్షియరీ బ్యూటాక్సైడ్ వేస్తే 1-బ్యూటీన్ వాటా పెరుగుతుంది. నిజంగా ఫ్లాస్కులో ఉండేది మిశ్రమం. జవాబుల కీ మాత్రం ఒకటే ప్రొడక్ట్ చూపించి, మిగతావి అసలు లేనట్టే ఉంటుంది. పరీక్ష కోసమే చదివేవాళ్లకి దీంతో ఇబ్బంది లేకపోవచ్చు. అర్థం చేసుకుందామని వచ్చినవాళ్లకి మాత్రం ఇది తప్పుదారే. డౌట్ల విభాగంలో అడిగితే రోజులు గడిచాక "ప్రధాన ప్రొడక్ట్ మాత్రమే రాయాలి" అని ఒక్క ముక్క జవాబొచ్చింది.

ఫోన్‌లో ఆర్గానిక్ చేయాలనుకోకండి. వేలితో షట్కోణం గీయడమే యాతన, ముందుకి వెనక్కి ఉండే బంధాలు చూపించడం మరీ నరకం. సైక్లోహెక్సీన్‌కి బ్రోమిన్ కలిపితే రెండు బ్రోమిన్లు చెరోవైపు చేరతాయని తెలిసి కూడా, గీయలేక మార్కు పోగొట్టుకోవాల్సి వస్తుంది. కంప్యూటర్, మౌస్ ఉంటే పర్వాలేదు. ఇంకో లోటు, అసలు చర్యలు ఎలా కనిపిస్తాయో చూపించరు. పసుపు అవక్షేపం అని తెరమీద అక్షరాలు వస్తాయి కానీ ఒక్క పరీక్షనాళిక కూడా కనబడదు. పది సెకన్ల క్లిప్ పెడితే ఏం పోయిందో!

మధ్యలో చాట్‌బాట్‌లని కూడా అడిగి చూశాను. తేలిక ప్రశ్నలకి బాగానే చెప్పాయి. కష్టమైనవాటిలో ఒకసారి కార్బన్‌కి ఐదు బంధాలిచ్చి, వివరణ మాత్రం ఎంతో ధీమాగా రాసింది. ముందు మనం రాసుకున్న జవాబుని విమర్శించమని అడగడానికైతే పనికొస్తాయి.

మార్కులు వేయమంటే, ఇనార్గానిక్ భాగానికి ఐదుకి మూడు, ఆర్గానిక్‌కి నాలుగు. చర్య జరగనివి గుర్తుపట్టడం, అవక్షేపాలు, ఆల్కీన్ల సంకలనం వరకు ఇప్పుడు తడుముకోకుండా రాయగలుగుతున్నాను. గడువు ఈమధ్యే పొడిగించుకున్నాను, అదీ ఆర్గానిక్ ప్రశ్నల కోసమే. ప్రస్తుతం కార్బొనిల్ సమ్మేళనాల దగ్గరున్నాను. అసిటాల్డిహైడ్, ప్రొపియొనాల్డిహైడ్ కలిపి ఆల్డాల్ చర్య (రెండు కార్బొనిల్ అణువులు ఒకదానికొకటి అతుక్కోవడం) చేస్తే ఏం వస్తుందని అడిగారు. కీ తెరిచి చూస్తే నాలుగు ప్రొడక్ట్‌లూ వరసగా ఇచ్చి, ఏది ఏ రెండు అణువుల నుంచి వచ్చిందో బాణాలతో చూపించారు. విలోపన చర్యల కీ కూడా ఇలాగే తిరగరాయమని వాళ్లకి రాశాను, ఇంకా జవాబు రాలేదు.